అచ్చయిన పెళ్లి

సుసన్నా సంగతి మొదటినుంచీ తెలిసినవారు ఈ కాసిని మాటలూ దాటి వెళ్లవచ్చు. గోదావరిఖని బజారులో లింగమూర్తిగారి ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని ఆమెది. చిన్నతనంలో క్రైస్తవ మిషన్ వాళ్ల ప్రెస్సులో అబ్బిన విద్య. భర్త యేసయ్య ఛాతీ జబ్బుతో మంచం పట్టి, పద్నాలుగు నెలల కిందట కన్నుమూశాడు. ఆయన పోయాక చర్చివారు పెట్టిన ఆదరణ కూడికకు కార్డు కూర్చింది కూడా ఆమే. ఒక్క అక్షరం తప్పు పోలేదు, ఒక్క చుక్క కన్నీరు రాలేదు. అప్పటినుంచీ ఆమెకు ఏదీ తగలడం మానేసింది. వైశాఖమాసపు ఎండ కూడా. లింగమూర్తిగారు కాగితం కొనడానికి వరంగల్ వెళ్లిన రోజున, పోశం అనే ముసలి కార్మికుడు నెలలు నిండుతున్న కోడలిని వెంటబెట్టుకుని ప్రెస్సు గడపలో నిలబడ్డాడు. రెండేళ్ల కిందటి పెళ్లి కార్డు ఒకటి కావాలన్నాడు. పోయిన వారం మనం అక్కడే ఆగాం.

"ఏ నెల కాకా?" అని అడిగింది సుసన్నా, చేతిలో అక్షరాల మీదనుంచి చూపు తిప్పకుండానే.

"వైశాఖమే బిడ్డా. డెబ్బై నాలుగుల. మా నర్సింగం పెండ్లి."

సుసన్నా చెయ్యి ఆగింది. పోశం కొడుకు నర్సింగం నెల కిందట బొగ్గు బాయిలో బండ పడి పోయాడు. ఊరంతా ఆ ఇంటికి వెళ్లి వచ్చింది. సుసన్నా మాత్రం వెళ్లలేదు. వెళ్లి చెప్పడానికి ఆమె దగ్గర మాటలేవీ మిగలలేదు.

"బాయి ఆఫీసుల అడుగుతున్నరు," అన్నాడు పోశం. "వాని జాగల కోడలికి బాయి మీద పని ఇస్తమన్నరు. పెండ్లి అయినట్టు కాయితం ఉండాలంట. లగ్గం పత్రిక ఉన్నా చాలన్నరు. రేపు పది గంటలకు ఎంక్వైరీ. మా ఇంట్ల ఒక్కటి గూడ లేదు. నువ్వు అచ్చేసిన ప్రతి కార్డు దాచిపెడ్తవని బజార్ల చెప్పిండ్రు."

నిజమే. ఆమె అల్మరాలో ఒక లావుపాటి అట్టల పుస్తకం ఉండేది. తన చేతి మీదుగా పోయిన ప్రతి పెళ్లి కార్డునూ అందులో మైదా పిండి పెట్టి అంటించేది. కార్డు కోసం ఎవరొచ్చినా, ముందు తేదీ అడిగేది కాదు, పేర్లు అడిగేది కాదు. "కార్డు మీద మీకేం కావాలె?" అని అడిగేది. చాలామందికి ఆ ప్రశ్నే కొత్త. రామగుండం పవర్ హౌసులో పనిచేసే ఒకాయన మొహమాటపడుతూ, తన పెళ్లికూతురికి చిలకలంటే ఇష్టమన్నాడు. అతని కార్డు తెరిస్తే కత్తిరించిన పచ్చ కాగితపు చిలకలు రెండు లేచి నిలబడేవి. రామకృష్ణాపూర్ పంతులమ్మ కార్డు పలక ఆకారంలో వెళ్లింది. చర్చి పెళ్లిళ్లకు గంటలు, ఊరి పెళ్లిళ్లకు మామిడాకుల తోరణాలు, అన్నీ కత్తెరతో, ఆమె చేత్తో చేసినవే. యేసయ్య పోయాక కూడా ఆ ప్రశ్న అడగడం మానలేదు. జవాబు వినడం, చెయ్యడం, మరిచిపోవడం, అంతవరకే.

పుస్తకం తీసి బల్ల మీద పెట్టి పేజీలు తిప్పింది. పోశం కోడలు గోడ పక్కనున్న కాగితపు మూటల మీద కూర్చుంది. ఇరవై ఏళ్లుంటాయి. ఎండన పడి నడిచి వచ్చిన మొహం. దేనివైపూ చూడడం లేదు.

కార్డు దొరికింది. గులాబీ రంగు, చుట్టూ మల్లెమొగ్గల అంచు. పూలబొమ్మల సీసం ముక్కలు నూట నలభై ఏరి కూర్చిన అంచు అది. నడుమ పెళ్లికూతురి పేరు, గోడపత్రికలకు వాడే పెద్ద అక్షరాలతో.

చి.సౌ. లస్మవ్వ.

సుసన్నా తలెత్తి గోడ దగ్గరున్న పిల్లను చూసింది. "నీ పేరేంది చెల్లె?"

"సారవ్వ."

ట్రెడిల్ అచ్చుమిషను తొక్కుతున్న బుచ్చన్న కాలు ఆపి ఇటు చూశాడు.

సుసన్నాకు అంతా గుర్తుకొచ్చింది. రెండేళ్ల కిందట రాయమల్లు అనే రైతు గోదావరి అవతలి ఊరినుంచి కూతురిని తీసుకుని వచ్చాడు. పిల్ల అయిదో తరగతి చదివింది. కార్డు మీద ఏం కావాలని అడిగితే, తండ్రి నోరు తెరిచేలోపే, "నా పేరు పెద్దగ పెట్టు అక్కా. మా ఇంట్ల ఎవల పేరు ఇప్పటిదాక అచ్చు కాలే," అంది. కార్డులు తీసుకుని వెళ్తూ ఒకటి తిరిగి సుసన్నా చేతిలోనే పెట్టి, పెళ్లికి రావాలంది. ఎవరూ అలా పిలిచేవారు కాదు. కార్డు అచ్చువేసిన మనిషిని పెళ్లికి పిలవాలని ఎవరికి తోస్తుంది? సుసన్నా వెళ్లింది. యేసయ్య కూడా తోడు వచ్చాడు. లస్మవ్వ ఇంటి ముందు వేసిన పందిట్లో పొద్దున్నుంచి సాయంత్రందాకా కూర్చున్నారు. పెళ్లికొడుకు తరఫువాళ్లు ఒక్కరూ రాలేదు. పొద్దు వాలాక పిల్ల తల్లి వచ్చి, నుదుట బాసికం విప్పి లోపలికి తీసుకువెళ్లింది.

"కాకా," అంది సుసన్నా. గొంతులో కోపం లేదు. "ఈ పెండ్లి కాలే. నేను ఆ పందిట్ల ఉన్న."

పోశం తువ్వాలు భుజం మీదనుంచి తీసి, మడత విప్పి, మళ్లీ మడిచాడు. గడప మీద కూర్చున్నాడు.

"ఉన్నవా? అయితే నీకు దాచేది లేదు. వాడు అప్పటికే ఈ పిల్లతోని మాట్లాడుకున్నడు. నాకు చెప్పుకునే ధైర్యం లేకపాయె. నేను బలిమి చేసి లస్మవ్వతోని ఖాయం చేసిన. పెండ్లినాడు తెల్లారేసరికి వాడు ఇంట్ల లేడు. అదే దినం మల్లన్న గుడి ముంగట ఈ పిల్ల, వాడు దండలు మార్చుకున్నరు. పుస్తె కట్టిండు. మూడో దినం ఇంటికి తోల్కొచ్చిండు. ఆరు నెలలు నేను మాట్లాడలే. తర్వాత మాట్లాడిన. ఇగ ఏంజేస్త, కొడుకు."

"సాక్షులు లేరా?"

"గుడి పూజారి ఉండె. నిరుడు పోయిండు. ఇగ వాళ్లిద్దరే సాక్షులు. అండ్ల ఒకడు పోయిండు."

"ఈ కార్డు మీద లస్మవ్వ పేరున్నది. ఇది తీస్కపోతే నీకు లాభం లేదు."

"లేదు," అన్నాడు పోశం. "అందుకే ఇది ఇయ్యమంటలేను బిడ్డా. ఇసొంటిదే ఇంకోటి వెయ్యమంటున్న. దినం అదే. పిలిచేటోన్ని నేను. పిల్ల పేరు సారవ్వ అని పెట్టు."

బుచ్చన్న చిన్నగా దగ్గాడు. సుసన్నా పుస్తకం మూయలేదు.

"అబద్ధం అచ్చు వెయ్యమంటున్నవ్ కాకా."

"అబద్ధం రెండేండ్ల కిందనే అచ్చయింది," అన్నాడు పోశం, తల వంచుకునే. "అండ్ల నువ్వు తప్పు జెయ్యలే, ఆ పిల్ల తప్పు జెయ్యలే. చేసింది నేను. కాకపోయిన పెండ్లికి కాయితం ఉన్నది. అయిన పెండ్లికి కాయితం లేదు. ఆఫీసోళ్లు కాయితమే చూస్తరు. వాళ్లనేమనాలె? రోజుకొకలు వస్తరు, నేను పెండ్లాన్నని చెప్తరు. ఎవలని నమ్ముతరు?"

అంతవరకు నోరు విప్పని సారవ్వ గోడ దగ్గరనుంచి అంది: "నాకు వద్దు మామా. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంట."

"ఉన్నది ఉన్నట్టు చెప్తే వినేటోడు గూడ ఉండాలె బిడ్డా."

"వినకుంటే పాయె. బీడీలు చేసుకోని బతుకుత."

"నువ్వు బతుకుతవ్. కడుపుల ఉన్నది?"

సారవ్వ తల దించుకుంది. ఆమె గొంతులో ఏడుపు గాని, పంతం గాని లేవు. సుసన్నాకు ఆ గొంతు బాగా తెలుసు. పద్నాలుగు నెలలుగా తన నోటినుంచి రోజూ వింటున్న గొంతే అది. ఎదురుగా ఇంకో మనిషి నోటినుంచి వస్తుంటే, ఎంత దూరంనుంచి వస్తున్నట్టు ఉంటుందో మొదటిసారి తెలిసింది.

చేయనని చెప్పడానికి కావలసిన కోపం సుసన్నాలో లేదు. చేస్తానని చెప్పడానికి కావలసిన జాలి కూడా వెతికితే దొరకలేదు. చాలాసేపు ఆ మల్లెమొగ్గల అంచునే చూస్తూ నిలబడింది. తర్వాత నోరు తనంతట తానే ఆ పాత ప్రశ్న అడిగేసింది.

"కార్డు మీద నీకేం కావాలె?"

సారవ్వకు అర్థం కాలేదు. పోశం వైపు చూసింది. అతనికీ అర్థం కాలేదు.

"అందరిని అడుగుత," అంది సుసన్నా. "పూలు, పక్షులు, తోరణాలు. నీకేం కావాలె?"

ఆ పిల్ల చాలాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, పెళ్లి రేపో ఎల్లుండో ఉన్నట్టు.

"పూలు వద్దు," అంది చివరికి. "ఆయన పేరు పక్కన్నే నా పేరు పెట్టు. నడుమ జాగ ఉంచకు."

సుసన్నా వెళ్లి అక్షరాల గళ్లున్న కేసు ముందు నిలబడింది.

"సుసన్నక్కా," అన్నాడు బుచ్చన్న, దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి. పదేళ్లుగా ఆ ట్రెడిల్ అతనిదే. "సారుకు తెలిస్తే నిన్ను ఉంచడు. నన్ను గూడ ఉంచడు."

"నువ్వు బజారుకు పోయి చాయ తాగి రా. మిషన్ నేనే తొక్కుత."

"నీకు తొక్కరాదు."

"వస్తది."

బుచ్చన్న కదల్లేదు. "పోనీ అడుగున ప్రెస్సు పేరన్న తీసెయ్. ఎవలేశిండ్రో తెల్వకుంట పోతది."

"ప్రెస్సు పేరు లేని కార్డును ఎవలు నమ్ముతరు?"

బుచ్చన్న తెరిచి ఉన్న పుస్తకం మీదికి వంగాడు. లస్మవ్వ పేరు మీద ఒకసారి చూపు పడింది, తిప్పుకున్నాడు. "ఆ పిల్ల సంగతేంది మరి?" అన్నాడు.

సుసన్నా విన్నది. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకుని, కుడిచేత్తో అక్షరాలు ఏరడం మొదలుపెట్టింది. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ఆనంద నామ సంవత్సర వైశాఖ బహుళ తదియ గురువారం. సీసం అక్షరాలు ఆ ఎండకు వేడెక్కి ఉన్నాయి. వేళ్లకు వేడి తెలుస్తూనే ఉంది, అక్కడితో ఆగిపోతోంది. నా కుమారుడు చిరంజీవి నర్సింగం. పేరు కూర్చి పెద్ద అక్షరాల పెట్టె తెరిచింది. సా, ర. ఆ పెట్టెలో 'వ్వ' ఒక్కటే ఉంది. కిందనున్న వత్తు చివర కొద్దిగా చితికింది. రెండేళ్ల కిందట లస్మవ్వ పేరు చివర నిలబడిన అక్షరం అదే. దాన్ని తీసి 'ర' పక్కన పెట్టింది. నర్సింగానికీ సారవ్వకూ నడుమ వెయ్యవలసిన ఖాళీ ముక్కను వెయ్యలేదు.

అంచు దగ్గర ఒక్క క్షణం తటపటాయించింది. పూలు వద్దంది కదా. ఒంటి గీత పెట్టి వదిలేసింది.

పాత గులాబీ అట్ట పైఅరలో కొంత మిగిలి ఉంది. దుమ్ము పట్టి, అంచులు వెలిసిపోయి, రెండేళ్ల పెళ్లికి తగ్గట్టుగానే ఉంది. చివరికి మిషన్ తొక్కింది బుచ్చన్నే. మూడు కార్డులు తీశాడు. ఆ మూడూ తీసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. తడి ఆరాక సుసన్నా నాలుగు మూలలా పసుపు రాసి, వాటిని మేడ మీద రేకుల పైన ఎండలో పరిచి, గాలికి పోకుండా రాళ్లు పెట్టింది. రామగుండం ఎండ రెండేళ్ల పని రెండు గంటల్లో చేస్తుంది.

కిందికి వచ్చేసరికి సారవ్వ కాగితపు మూటల మీదనే ఒరిగి నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఒక చెయ్యి కడుపు మీద ఉంది. పోశం గడప మీదనే, బయటికి మొహం పెట్టి కూర్చున్నాడు. సుసన్నా నిలబడి ఆ నిద్రపోతున్న మొహాన్ని చూసింది. యేసయ్య పోయిన కొత్తలో తనకు కూడా ఇలాగే, ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్ర వచ్చేది. నిద్ర లేచినప్పుడు కొన్ని క్షణాలపాటు ఏమీ గుర్తుండేది కాదు. తర్వాత గుర్తుకొచ్చేది. ఈ పిల్లను లేపడమెందుకని ఊరుకుంది.

మూడు గంటలకు కార్డులు కిందికి తెచ్చింది. పోశం ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. చదువు రాదు. అక్షరాల మీద వేలు పెట్టి, "వీని పేరు యాడున్నది?" అని అడిగాడు. సుసన్నా చూపించింది. ఆ పేరు మీద అతని వేలు అలాగే ఉండిపోయింది.

"పక్కన్నే ఉన్నదా పిల్ల పేరు?"

"పక్కన్నే ఉన్నది."

"నీ రుణం తీరదు బిడ్డా," అన్నాడు.

సారవ్వ లేచి, కొంగు సర్దుకుని, కార్డు వైపు ఒక్కసారి చూసింది. ఆమెకూ చదువు రాదు. ఆ పిల్ల సుసన్నా చెయ్యి పట్టుకుని కొంచెంసేపు ఉంచుకుంది, వదిలేసింది. మామా కోడలూ ఎండలోకి నడిచి వెళ్లారు. సుసన్నా వచ్చి, కూర్చిన అక్షరాలను విడదీసి, ఏ గడిలోవి ఆ గడిలో వేసింది. ఎప్పుడూ చేసే పనే. సా, ర, వ్వ. తప్పు చేశానన్న భయం వస్తుందేమోనని చూసింది. రాలేదు. మంచి చేశానన్న తృప్తి కూడా రాలేదు.

నాలుగు దాటాక గడప మీద నీడ పడింది. పోశం ఏదో మరిచిపోయి వచ్చాడనుకుంది. కాదు. చేతిలో గుడ్డసంచి, వేలికొసలకు బీడీ ఆకు మరకలు, చిక్కిపోయిన దవడలు. అయినా గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అక్కా, నన్ను మర్సిపోయినవా?" అంది లస్మవ్వ.

బుచ్చన్న చేతిలోని సిరా గుడ్డ బల్ల మీద పెట్టాడు.

"మర్సిపోలే," అంది సుసన్నా. "రా, కూసో."

లస్మవ్వ ఇందాక సారవ్వ పడుకున్న చోటే కూర్చుంది. కుండలో నీళ్లు ముంచి ఇస్తే గటగటా తాగింది. "నదిల నీళ్లు లేవు, ఇసుకల నడుసుకుంట వచ్చిన," అని చెప్పి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ పెండ్లి తర్వాత నాకు ఇంకో సంబంధం రాలే అక్కా. పందిట్ల ఆగిపోయిన పిల్లంటరు. నేను గూడ అడగలే. బీడీలు చేసుకుంటున్న. ఎవల జోలికి పోతలేను." గుడ్డసంచి ఒళ్లోకి లాక్కుంది. "నర్సింగం పోయిండని తెలిసినంక మా బాపు అటక మీది కార్డులు కిందికి దించిండు. నువ్వు అచ్చేసినయే. నిన్న తీస్కపోయి ఆఫీసుల ఇచ్చిండు. మా బిడ్డె వాని పెండ్లాం, పని మా బిడ్డకే రావాలె అని దరఖాస్తు పెట్టిండు."

సుసన్నా బల్ల అంచు పట్టుకుంది. వేళ్లకు చెక్క గరుకు తెలిసింది.

"నీకు చెప్పే పెట్టిండా?"

"లే. పెట్టినంక చెప్పిండు. నౌకరి వస్తది, జిందగీ బాగైతది అంటడు." లస్మవ్వ తన చేతులవైపు చూసుకుంది. "నాకు పెండ్లి కాలే అక్కా. వాని మొహం గూడ నేను సరింగ చూడలే. ఇప్పుడు నన్ను వాని విధవను చేస్తరంట. పెండ్లికూతుర్ని చెయ్యకుంటనే విధవను చేస్తరంట. నాకు ఆ నౌకరి వద్దు."

"మీ బాపుకు చెప్పు."

"చెప్పిన. కొట్టిండు." ఆ మాట కూడా అన్నిటిలాగే అన్నది. "అందుకే ఇయ్యాల నేనే ఆఫీసుకు పోయి, అటునుంచే వస్తున్న. పెండ్లి కాలేదని చెప్పిన. మరి ఈ కార్డేందని అడిగిండ్రు. అచ్చయింది గని కాలేదంటే, ఎట్ల నమ్మాలె, ఎవలన్న సాక్షి ఉన్నరా అన్నరు. మా ఊరోళ్లందరు బాపు చెప్పిందే చెప్తరు. ఆ దినం పొద్దుగూకేదాక పందిట్ల కూసున్న బయటి మనిషివి నువ్వొక్కదానివే. నీతోని వచ్చిన బావ లేకపాయె."

బుచ్చన్న ఏదో అనబోయాడు. సుసన్నా చెయ్యెత్తి ఆపింది. పోశం ఇంట్లో ఇప్పుడు మూడు కార్డులున్నాయి. ఆఫీసు బల్ల మీద రాయమల్లు ఇచ్చినవి ఉన్నాయి. పెళ్లికొడుకు ఒక్కడే, దినం ఒక్కటే, పెళ్లికూతుళ్లు ఇద్దరు. రెంటి అడుగునా ఒకటే ప్రెస్సు పేరు. ఈ పిల్ల పక్కన నిలబడి ఆ పెళ్లి కాలేదని నిజం చెబితే, మరి ఈ రెండో కార్డు ఎప్పటిదని అడుగుతారు. చెప్పకపోతే ఈ పిల్ల బతికినంతకాలం చూడని మనిషికి విధవ. గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. అది తన గుండేనని పోల్చుకోవడానికి ఆమెకు కొంత సమయం పట్టింది.

"నా పేరు చెప్పినవా?" అని అడిగింది.

"రాయించిన అక్కా. రేపు నిన్ను పిలుస్తరు," అంది లస్మవ్వ. ప్రెస్సులోకి వచ్చాక మొదటిసారి ఆమె మొహం కొంచెం తేలికపడింది. "ఎవలేం చెప్పినా, ఆమె మాత్రం అబద్ధం ఆడదని చెప్పిన."